జింక ముక్కు... బొగ్గు చొక్కా!

వాసన ప్రాణం తీస్తుందా, నిలబెడుతుందా? హిమాలయాల్లో తిరిగే కస్తూరి మృగాన్ని అడిగితే తీస్తుందనే చెబుతుంది. మగ మృగం పొత్తికడుపు దగ్గర చిన్న సంచిలో ఊరే కస్తూరి కోసమే మనిషి దాన్ని తరతరాలుగా వేటాడాడు. అమెరికా అడవుల్లోని తెల్లతోక జింకను అడిగితే మాత్రం జవాబు తిరగబడుతుంది. అక్కడ జింకను బతికించేది వాసనే. కాకపోతే అది దాని వాసన కాదు, దాన్ని చంపడానికి వచ్చినవాడిది!

అందుకే ఏటా వేట రోజులు దగ్గరపడేసరికి అక్కడి దుకాణాల్లో అరలకు అరలు ‘వాసన లేని’ సరుకుతో నిండిపోతాయి. వాసన లేని సబ్బు, వాసన లేని షాంపూ, బట్టలుతికే పొడి, బూట్ల మీద కొట్టుకునే స్ప్రే, లోపల బొగ్గు పొర కుట్టిన చొక్కా, ప్యాంటు, టోపీ, ముసుగు... ఆఖరికి బట్టలు దాచుకునే సంచీకి ఓజోన్ యంత్రం కూడా. మంచి రకం బొగ్గు దుస్తుల జతకే కొన్ని వందల డాలర్లు అవుతాయి. ఈ ఖర్చంతా జింక ముక్కుకి దొరక్కుండా ఉండటానికే.

మరి నిజంగా దొరక్కుండా ఉంటారా? ఈ ఒక్క ప్రశ్న మీద అక్కడి వేటగాళ్లు ఏళ్ల తరబడి రెండు జట్లుగా చీలి వాదించుకుంటున్నారు. ఆ వాదన పరిశోధకుల దాకా వెళ్లింది. కోర్టు మెట్లు కూడా ఎక్కింది.

వేట అక్కడెందుకు ఒప్పు?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని కొట్టినా, కృష్ణజింకను పట్టినా నేరమే. అలాంటి చోట పెరిగినవారికి, లైసెన్సు తీసుకుని మరీ జింకల్ని వేటాడతారంటే వింతగానే ఉంటుంది. కానీ అమెరికా కథ వేరు.

పంతొమ్మిదో శతాబ్దంలో మాంసం కోసం, తోళ్ల కోసం అడ్డూ అదుపూ లేకుండా వేటాడటంతో అక్కడ జింకలు చాలా చోట్ల కనిపించకుండా పోయాయి. అప్పుడు కళ్లు తెరిచారు. 1900లో వచ్చిన లేసీ చట్టం దొంగవేట సరుకును రాష్ట్రాల సరిహద్దులు దాటించడాన్ని నేరం చేసింది. 1937లో తెచ్చిన మరో చట్టం వేట తుపాకులూ తూటాల మీద వచ్చే పన్నును వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించింది. వేటకు రోజులూ లెక్కలూ పెట్టారు. జింకలు కోలుకున్నాయి. ఎంతగా అంటే, ఇప్పుడు అక్కడ తెల్లతోక జింకలు మూడు కోట్ల దాకా ఉంటాయని అంచనా. వాటిని తినే తోడేళ్లు, కూగర్లు చాలా రాష్ట్రాల్లో ఎప్పుడో కనుమరుగైపోయాయి. దాంతో జింకలు ఊళ్ల మీద పడ్డాయి. రోడ్ల మీద కార్లకు అడ్డం వస్తాయి, పొలాలూ తోటలూ మేస్తాయి. డెట్రాయిట్ శివార్లలో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెరట్లో వేసుకున్న చిక్కుడు తీగ రాత్రికి రాత్రి మాయమైతే దొంగ ఎవరో వాళ్లకు తెలుసు.

అందుకే అక్కడ వేట కూడా జింకల సంఖ్యను అదుపులో ఉంచే మార్గమే. 2022లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పదహారేళ్లు దాటినవారిలో కోటీ 44 లక్షల మంది ఆ ఏడాది వేటకు వెళ్లారు. ఎక్కువమంది గురి జింక మీదే. మిషిగన్ రాష్ట్రంలో తుపాకీతో జింకల వేట నవంబరు 15న మొదలవుతుంది. అక్కడ ఆ రోజు దాదాపు పండగే!

ముక్కే దాని కావలి

జింకకు కళ్లు చురుకే కానీ కొన్ని రంగులు సరిగా కనపడవు. ఎరుపు, నారింజ రంగులు దానికి వెలిసిపోయినట్టుగా ఉంటాయి. వేటగాళ్లు ఒకరినొకరు కాల్చుకోకుండా కళ్లు జిగేల్మనే నారింజ రంగు కోటు వేసుకోవాలని చాలా రాష్ట్రాల్లో నిబంధన ఉన్నా వేట సాగుతున్నది ఇందుకే. చెవులు కూడా గట్టివే. కానీ చూసింది నమ్మకపోయినా, విన్నదాన్ని కాసేపు ఆగి పరికించినా, వాసన తగిలితే మాత్రం జింక రెండో ఆలోచన చెయ్యదు.

వాసనల్ని పసిగట్టే గ్రాహకాలు మనిషిలో సుమారు 400 రకాలు. కుక్కలో దాదాపు 800. జింకలాగే నెమరు వేసే ఆవులో వెయ్యికి పైనే. ఇక జింక మూతి ఎప్పుడూ తడిగా ఉంటుంది. గాలిలో తేలివచ్చే వాసన అణువులు ఆ తడికి అంటుకుంటాయి. నోటి పైభాగాన మరో వాసన అవయవం కూడా ఉంటుంది. జింకలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది కూడా ఎక్కువగా వాసనతోనే. నుదుటి మీద, కళ్ల దగ్గర, కాళ్ల మీద, గిట్టల మధ్య ఉండే గ్రంథుల వాసనను చెట్లకు రుద్ది, నేలకు పూసి కబురు పెడతాయి. జింకకు అడవంతా చదువుకునే పత్రిక అన్నమాట!

తుపాకీ ఉన్నవాడు వంద గజాల దూరం నుంచైనా కాల్చగలడు. విల్లుతో వేటాడేవాడికి జింక ఇరవై ముప్ఫై గజాల్లోకి రావాలి. చెట్టు మీద మంచె కట్టుకుని, గంటల తరబడి కదలకుండా కూర్చుంటాడు. జింక నెమ్మదిగా వస్తూ వస్తూ ఒక్కసారి ఆగుతుంది. తల ఎత్తుతుంది. ముందుకాలు నేలకేసి కొడుతుంది. ముక్కుతో బుస్సుమంటుంది. తెల్లటి తోకను జెండాలా ఎత్తి గెంతేస్తుంది. ఆ చప్పుడుకి చుట్టుపక్కల జింకలన్నీ పరార్. ఆ పూటకి వేట ముగిసినట్టే.

బొగ్గు ఏం చేస్తుంది?

మనిషి చెమటకు నిజానికి పెద్దగా వాసన ఉండదు. చర్మం మీద బతికే బ్యాక్టీరియా ఆ చెమటను తిని వదిలేవాటికే వాసన. అందుకని స్నానం చేస్తే తగ్గుతుంది. కానీ శుభ్రంగా తలంటుకుని బయల్దేరినవాడే బరువైన కోటు వేసుకుని, విల్లు భుజాన తగిలించుకుని, అరమైలు నడిచి చెట్టెక్కేసరికి మళ్లీ చెమట. పైగా ఊపిరి సంగతేమిటి? వదిలే ప్రతి శ్వాసలోనూ వాసనే. రాలిపోయే చర్మపు పొట్టులోనూ వాసనే. స్నానాలగదిలో వదిలించుకున్నది మంచె మీద మళ్లీ తయారు.

ఇక్కడే బొగ్గు చొక్కా రంగంలోకి దిగింది. నీళ్ల ఫిల్టర్లలో వాడే యాక్టివేటెడ్ కార్బన్ లాంటిదే ఇదీ. దీని నిండా కంటికి కనపడని చిల్లులుంటాయి. వాసన అణువులు వాటిలో ఇరుక్కుంటాయి. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఫిల్టరు గుల్లలకూ ఓ హద్దు ఉంటుంది. నిండిపోయాక కొత్త అణువులకు చోటుండదు. బొగ్గును మళ్లీ పూర్తిగా ఖాళీ చెయ్యాలంటే ఫ్యాక్టరీల్లో వందల డిగ్రీల వేడి పెడతారు. ఇంట్లో బట్టలారబెట్టే డ్రయ్యర్‌కు అంత వేడి ఎక్కడిది? కొంత వాసన వదులుతుందేమో కానీ చొక్కా మళ్లీ కొత్తది కాదు. పైగా మెడ దగ్గర, చేతుల దగ్గర, ముఖం దగ్గర తెరిచే ఉంటుంది. కదిలినప్పుడల్లా లోపలి గాలి బయటికి తన్నుకొస్తుంది.

2002లో జాన్ షివిక్ అనే పరిశోధకుడు ఈ సంగతి తేల్చడానికి తర్ఫీదు పొందిన కుక్కల్ని రంగంలోకి దించాడు. వాసనను పీల్చుకునే దుస్తులు వేసుకున్నవారినీ, మామూలు దుస్తులు వేసుకున్నవారినీ దాచిపెట్టి వెతికించాడు. కుక్కలు దాదాపు అందరినీ పట్టేశాయి. దుస్తుల వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. తేడా తెచ్చింది వాతావరణం. గాలి నిలకడగా ఉందా, సుడులు తిరుగుతోందా, గాలిలో తేమ ఎంత ఉంది... ఇవే అసలు లెక్కలు. కుక్క జింక కాదు, నిజమే. కానీ ముక్కు పదునులో రెండూ మనిషికి అందనంత ఎత్తులో ఉన్నవే.

2007లో మిన్నెసోటాలో కొందరు వేటగాళ్లు ఈ దుస్తుల కంపెనీల మీద కోర్టుకు వెళ్లారు. మనిషి వాసనను మాయం చేస్తాయని చెప్పి అమ్మారన్నది వాళ్ల అభియోగం. కింది ఫెడరల్ కోర్టు 2010లో కొన్ని ప్రకటనలు అచ్చంగా అబద్ధమని చెప్పింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 2011లో పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో లాయర్లకే తెలియాలి. జింక మాత్రం ఏ కోర్టులోనూ సాక్ష్యం చెప్పలేదు!

ఓజోన్ యంత్రం సంగతి మరింత చిత్రం. మనిషికి హాని చెయ్యనంత తక్కువ మోతాదులో ఓజోన్ వాసనల్ని పెద్దగా పోగొట్టలేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థే చెబుతోంది. మోతాదు పెంచితే వాసన సంగతి దేవుడెరుగు, ఊపిరితిత్తులకు ముప్పు.

పులుసులో ఇంగువ

వాసనను పోగొట్టలేకపోతే పోనీ, ఇంకో వాసనతో కప్పేస్తే? ఆ సరుకూ ఉంది. పైన్ చెట్టు వాసన, మట్టి వాసన, రాలిన ఆకుల వాసన సీసాల్లో దొరుకుతాయి. కానీ పొయ్యి మీద పులుసు మరుగుతుంటే మన ముక్కుకి ‘పులుసు’ అని మాత్రమే తెలుస్తుంది. కుక్కలాంటి జంతువు ముక్కుకి చింతపండు వేరు, ఇంగువ వేరు, కరివేపాకు వేరు. కాఫీ పొడిలో దాచిన మత్తుమందును పోలీసు కుక్క పట్టుకునేది ఇలాగే. పైన్ వాసన కొట్టుకున్న మనిషి జింక ముక్కుకి పైన్ చెట్టు కాడు. పైన్ చెట్టూ, పక్కనే ఒక మనిషీ!

జింక మూత్రాన్ని సీసాల్లో అమ్మే వ్యాపారం కూడా ఉంది. మగ జింకను రప్పించడానికి, మనిషి వాసనను కప్పడానికి దాన్ని చల్లుతారు. దీంతో వచ్చిన చిక్కు చిన్నది కాదు. 1967లో కొలరాడోలో తొలిసారి గుర్తించిన ఒక వ్యాధి జింకల్ని చిక్కి శల్యమయ్యేలా చేసి చంపుతుంది. మందు లేదు. దానికి కారణమైన ప్రియాన్లు మూత్రంలోనూ బయటికొస్తాయి, మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అందుకే వర్జీనియా, వెర్మాంట్ లాంటి రాష్ట్రాలు వేటలో సహజమైన జింక మూత్రం వాడటాన్ని నిషేధించాయి. ఒక్క జింక కోసం వేసిన ఎర మందకు మందనే ముంచకూడదుగా!

జిల్లేడు దూది చెప్పే రహస్యం

మరి పాతకాలపు వేటగాళ్లు ఏం చేసేవారు? గాలి చూసుకునేవారు. అంతే! జింక వచ్చే దారి నుంచి తన వైపు గాలి వీచేలా కూర్చుంటే, వాసన జింకకు చేరే దారే లేదు. స్నానం చేసినా ఒకటే, చెయ్యకపోయినా ఒకటే. గాలి తన వీపు మీదుగా జింక వైపు వీస్తుంటే, బొగ్గు చొక్కా మీద బొగ్గు చొక్కా తొడిగినా లాభం లేదు.

వినడానికి తేలికే. చెయ్యడమే కష్టం. గాలి ఒకే వైపు వీచదు. కొండల మీద అయితే మరీ. పొద్దున ఎండెక్కాక నేల వేడెక్కి గాలి వాలు వెంట పైకి పాకుతుంది. సాయంత్రం నేల చల్లబడ్డాక అదే గాలి నీళ్లలా పల్లానికి జారుతుంది. కాబట్టి పొద్దుటి పూట జింక కన్నా ఎత్తులో, సాయంత్రం జింక కన్నా పల్లంలో ఉండాలి. వాగు దగ్గర ఒకలా, చెట్ల గుంపు అంచున ఒకలా గాలి సుడులు తిరుగుతుంది. కంటికి కనపడని ఈ గాలిని చూడటానికి కొందరు పొడి చల్లుతారు. ఇంకొందరు మిల్క్‌వీడ్ కాయల దూదిని ఒక్కొక్క పోగుగా వదులుతారు. మిల్క్‌వీడ్ అంటే మన జిల్లేడుకి దగ్గరి చుట్టం. ఎండాకాలంలో జిల్లేడు కాయ పగిలి, దూది పింజలు గాల్లో తేలుతుంటే పిల్లలు వెంటపడతారే, అచ్చం అలాంటిదే. పొడి నాలుగడుగుల్లో మాయమవుతుంది. దూది మాత్రం వంద గజాల దాకా తేలుతూ, ఎక్కడ లేచిందో, ఎక్కడ తిరిగిందో, ఎక్కడ దిగిందో కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. మంచె మీదివాడి వాసన వెళ్లే దారి కూడా అదే.

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టిన రైతుకు ఈ పాఠం కొత్తది కాదు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని ఊరికే అన్నారా? చేట పట్టుకుని గాలి కోసం ఎదురుచూసిన చేతులకు, గాలిని తిప్పలేం, మనమే తిరగాలని తెలుసు.

శుభ్రత దండగా?

అలాగని సబ్బూ స్నానమూ ఉత్త దండగ అనేయడం కూడా తొందరపాటే. రెండో జట్టు వాదనలోనూ పసుంది. జింకకు వాసన అంటే దీపం స్విచ్ కాదు, ఉంటే వెలగడానికీ లేకపోతే ఆరడానికీ. ఎంత ఘాటుగా ఉంది, తాజాదా పాతదా, ఎటు నుంచి వస్తోంది అని అది అంచనా కడుతుంది. ఊళ్లకు దగ్గరగా ఉండే జింకలు రోజూ మనిషి వాసన పీలుస్తూనే బతుకుతాయి. అలాంటిచోట వాసన కాస్త పలచబడితే, మనిషి దూరంగా ఉన్నాడనో, ఎప్పుడో వెళ్లిపోయాడనో అనుకుని ఇంకొక్క నిమిషం నిలబడవచ్చు. పెట్రోలు బంకులో తొక్కిన బూట్లతోనో, రాత్రి వేయించిన మాంసం వాసన పట్టిన కోటుతోనో అడవికి వెళ్లడం కన్నా ఉతికిన బట్టలతో వెళ్లడం నయమే కదా. దానికి కాస్త వంటసోడా, ఘాటులేని సబ్బూ చాలు. వందల డాలర్లు అక్కర్లేదు.

వంటింటి భాషలో చెప్పాలంటే, గాలి చూసుకోవడం కూరలో ఉప్పు. వాసన తగ్గించుకోవడం పైన చల్లే కొత్తిమీర. కొత్తిమీర లేకపోయినా కూర కూరే. ఉప్పు మరిచిపోయి ఎంత కొత్తిమీర చల్లినా విస్తట్లో వదిలేస్తారు.

చొక్కాను నమ్ముకోవడం వల్ల డబ్బే పోతే ఎవరూ బాధపడనక్కర్లేదు. వేటగాడి జేబు, వేటగాడి ఇష్టం. కానీ అసలు చిక్కు వేరే ఉంది. చొక్కా ఉందిగా అన్న ధీమాతో గాలి ఎటు వీచినా ఫరవాలేదనుకున్నవాడు తప్పు చెట్టెక్కుతాడు. జింక దగ్గరికి వచ్చాక ఏదో పసిగడుతుంది. ఒళ్లు బిగుస్తుంది. కదులుతుంది. అది పారిపోతోందన్న తొందరలో బాణం వదిలితే తగలాల్సిన చోట తగలదు. గాయపడ్డ జింక పొదల్లోకి పోయి రోజుల తరబడి నరకం అనుభవించి చస్తుంది. నిబద్ధత ఉన్న వేటగాడు అన్నిటికన్నా భయపడేది దీనికే. వేట చట్టబద్ధమైన చోట కూడా, చంపేవాడి మీద ఒక బాధ్యత ఉంటుంది. వాసన లేని సబ్బు ఆ బాధ్యతను కడిగెయ్యలేదు.

అడవిలో అసలైన నేర్పరి

ఇంతకీ వాసనను నిజంగా దాచుకోగలిగినవారు అడవిలో లేరా అంటే ఉన్నారు. అప్పుడే పుట్టిన జింకపిల్ల! దానికి వాసన చాలా తక్కువ. తల్లి దాన్ని నాకి నాకి శుభ్రం చేస్తుంది. దాని మలమూత్రాలను కూడా తనే తినేస్తుంది. తన వాసన వెంబడి శత్రువు రాకుండా, పిల్లను గడ్డిలో పడుకోబెట్టి దూరంగా వెళ్లిపోతుంది. రోజులో కొన్నిసార్లే వచ్చి పాలిచ్చి వెళుతుంది. పిల్ల మచ్చల ఒంటితో, కదలకుండా మెదలకుండా పడుకుంటుంది. తల్లి వదిలేసిందేమోనని జాలిపడి ఎవరూ దాన్ని ఎత్తుకుపోవద్దని అక్కడి అటవీ అధికారులు ఏటా చెబుతుంటారు. వాసన దాచడం అంటే అదీ. పుట్టుకతో వచ్చినది, తల్లి నాలుకతో నిలబడినది.

మనిషికి ఆ వరం లేదు. మనిషి ముక్కు కూడా అంతంతమాత్రమే. ఈ సంగతి పులికి తెలియదని జిమ్ కార్బెట్ గమనించాడు. 1944లో వచ్చిన ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’ పుస్తకంలో ఈ ముచ్చట ఉంది. నరమాంసం మరిగిన పులి కూడా దుప్పిని వేటాడినట్టే గాలివాటం చూసుకుని మనిషి మీదికి వస్తుందట. ఆ లెక్కన అది ఎటు నుంచి వచ్చే వీలుందో కార్బెట్ ముందే అంచనా వేసుకునేవాడు. అన్ని దిక్కులా కళ్లు పెట్టకుండా ఆ దిక్కునే ఎక్కువగా కాచుకునేవాడు. ఒంటరిగా నరభక్షకుల వెంట తిరిగిన మనిషిని గాలి అలా కాపాడింది.

ఇప్పుడు మన అడవుల్లో తుపాకీ పని కాదు. కెమెరా పని. నల్లమలలో దుప్పులను ఫొటో తియ్యాలనుకునే కుర్రాడికైనా, మిషిగన్‌లో మంచె మీద కూర్చున్న వేటగాడికైనా అడవి పెట్టే పరీక్ష ఒకటే. ఖరీదైన సరంజామా కొనడానికి అరగంట చాలు. గాలిని చదవడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ చదువు దుకాణంలో దొరకదు. జింకకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు.